తిప్పి పరిచిన బండ

దీపాలు పెట్టే వేళకు రామలక్ష్మమ్మ చాటలో కందిపప్పు పోసుకొని గోడ పక్కన కూర్చుంటుంది. అది అంగడినుంచి తెచ్చిన ప్యాకెట్టు పప్పు. అందులో రాళ్లుండవు. అయినా ఏరుతుంది. గోడకు అవతల తోడికోడలు స్వర్ణలత వసారా, అక్కడ జనం చేరే వేళ అది. గోడ రొమ్ముల ఎత్తే. లేచి నిలబడితే అవతలిదంతా కనబడుతుంది. రామలక్ష్మమ్మ మాత్రం నిలబడదు. నిలబడితే చూసినట్టవుతుంది. చాట ముందు పెట్టుకొని కూర్చుంటే వింటున్నట్టు ఎవరికీ తెలియదు.

గువ్వలకొట్టాల బేతంచెర్లకు దగ్గరి ఊరు. నేలంతా నాపరాయే. ఇళ్లకు గోడలు బండలే, కప్పులు బండలే, మేకల దొడ్డికి అడ్డం పెట్టేదీ బండే. అన్ని బండలూ ఎండాకాలం కాలుతాయి, చలికాలం చల్లబడతాయి, అంతే. స్వర్ణలత వసారాలోని బండ ఒక్కటి మాత్రం రోజూ పొద్దు వాలగానే చెమరుస్తుంది. నల్లటి నునుపు మీద ముందు ఆవిరి పట్టినట్టవుతుంది. ఆ తడిలోంచి మెల్లగా అడుగులు తేలుతాయి. రేపు ఆ ఇంటికి ఎవరు వస్తారో వాళ్ల అడుగులు. వేళ్లు ఇంటివైపు, మడమలు వీధివైపు. ఇంట్లోవాళ్లు చేనికి పోయి రావడం, అంగడికి పోయి రావడం, సాయంత్రాలు ఊరి జనం చేరడం బండకు లెక్కలేదు. బయటినుంచి వచ్చే చుట్టాలు, బేరగాళ్లు, ఓట్లడిగేవాళ్లు, వాళ్లే కనబడతారు. అన్నాలు తినే వేళకు అడుగులు ఆరిపోతాయి.

దాని గురించి ఊళ్లో ఎవరూ వింతగా మాట్లాడరు. రేపు కరెంటు ఏ వేళకు వస్తుందో కనుక్కున్నట్టే, రేపు ఆ ఇంటికి ఎవరొస్తారో కనుక్కుంటారు. అడుగు చూసి మనిషిని చెప్పడం ఆ ఊరికి సాయంత్రపు కాలక్షేపం.

"వేళ్లు వెడల్పుగా ఉండాయి. చీనీకాయల వ్యాపారి అయ్యుంటాడు," గోడ అవతల స్వర్ణలత గొంతు వినిపించింది.

"పోయిన వారం గూడా నువ్వు చీనీకాయల వ్యాపారి అంటివి. వచ్చింది లైన్‌మ్యాను గదమ్మా," అన్నారెవరో. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా స్వర్ణలతే నవ్వింది.

"నేనేమన్నా జోస్యం చెప్పేదాన్నా? తోచింది చెప్తాండా."

"ఆగమ్మా," అన్నాడు పెద్దసుబ్బయ్య సారు. ఆ ఊరి బడిలోనే పాఠాలు చెప్పి, ఆ ఊరి బడిలోనే రిటైరైన మనిషి. ఎవరి నోట్లోనైనా మాట వంకరగా పడితే సరిచేయకుండా కాఫీ కూడా తాగడు. "ఈ జోస్యం అనే మాటను మన ఊర్లో చెనిక్కాయల మాదిరి యాడపడితే ఆడ చల్లుతారు. టీవీలో ఆయన వానొస్తాదంటే జోస్యమంటారు. అది జోస్యం కాదు, అంచనా. మబ్బు చూసి, గాలి చూసి లెక్కగట్టి చెప్పేది. మీ అవ్వ నిన్ను 'నువ్వు బాగుపడవురా' అంటే దాన్నీ జోస్యమంటారు. అది శాపం. చెప్పేటోళ్లకు అట్ల కావల్లని మనసులో ఉంటాది."

"ఇంగ జోస్యమంటే ఏంది సారూ?"

"వచ్చేదాన్ని వచ్చేదానికి ముందే చెప్పేది. చెప్పేటోనికి అందులో ఆశ ఉండకూడదు, భయమూ ఉండకూడదు. అట్లుంటేనే జోస్యం."

"అట్లాంటోడు యాడుంటాడు సారూ?"

"మనుషుల్లో ల్యాడు. అందుకే బండ చెప్తాంది."

మళ్లీ నవ్వులు. ఇవతల రామలక్ష్మమ్మ చాటను ఠపీమని నేలకేసింది. వేళ్లు వెడల్పుగా ఉన్నాయంటున్నారు సరే, బొటనవేలు నేలను పట్టుకున్నట్టుందా లేదా? మడమ ఒక పక్క అరిగిందా? ఆ రెండు మాటలు ఎవరన్నా అంటే ఇక్కడినుంచే మనిషిని చెప్పేస్తుంది. ఒక్కరు అంటేనా!

ఈ ఇంటికి కొత్తకోడలుగా వచ్చినప్పుడు అత్త నాగరత్నమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని అడుగులు చదవడం నేర్పింది. మడమ ఒక పక్క అరిగితే ఏండ్లకేండ్లు సైకిలు తొక్కినవాడు. బొటనవేలు నేలను పట్టుకున్నట్టుంటే గనిలో పనిచేసేవాడు. అడుగుకూ అడుగుకూ మధ్య ఎడం తక్కువుంటే ఏదో అడిగేదానికి వస్తున్నవాడు. రెండేళ్లలో రామలక్ష్మమ్మ అత్తనే మించిపోయింది. ముక్కుపుడక పెట్టుకున్న మనిషని కూడా అడుగును బట్టి చెప్పేది. ఎట్లా చెప్పావంటే చెప్పలేదు. "పెద్దకోడలి చూపు తప్పదు," అని ఊరంతా అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు కొత్త చీర కట్టుకున్నట్టుండేది.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. వసారా మధ్యలో గోడ లేపాల్సి వచ్చింది. ముందు ఎంచుకొనే హక్కు పెద్దవాడైన వెంకటేశ్వర్లుది. ఆయన భార్య ముఖం చూశాడు. వంటిల్లూ బోరూ తూర్పు వైపున ఉన్నాయని రామలక్ష్మమ్మ ఆలోచించకుండా "తూరుపు" అంది. గోడకు దారం పట్టి సున్నం గీశాక చూసుకుంటే, బండ జానెడు తేడాతో పడమటికి పోయింది. అది చాలదన్నట్టు నాగరత్నమ్మ తన రేకుపెట్టె, వక్కాకు దంచుకునే చిన్న రోలు చంకన పెట్టుకొని అటువైపే నడిచింది.

"నాకు కొడుకులిద్దరూ ఒకటే, కోడండ్లిద్దరూ ఒకటే. బండ యాడుంటే నేనాడ," అంది.

అది జరిగి ఆరేళ్లు. ఆరేళ్లుగా ఎవరొచ్చినా ముందు పడమటి వసారాలో కూర్చొని, కాఫీ తాగి, పోయేటప్పుడు గోడ మీదుగా "బాగుండావా వదినా?" అని అడిగిపోతున్నారు. ఆరేళ్లుగా స్వర్ణలత తప్పులు చెబుతోంది, జనం నవ్వుతున్నారు, ఆ నవ్వుల్లో అత్త బోసినవ్వు కూడా ఉంటోంది. రామలక్ష్మమ్మ కడుపులో ఆ నవ్వు ఒక్కటే కుంపటిలాగా ఉండిపోయింది.

ఆ ఏడు మరిదికి వసారాలో టైల్సు వేయాలని బుద్ధి పుట్టింది. గోడ మీదుగా రామలక్ష్మమ్మ నోరు విప్పింది.

"టైల్సు ఏస్తాండారంట గదా. మరి బండనేం చేస్తారు?"

ఆమె దీనికోసం వారం రోజులుగా మాటలు కూర్చుకొని పెట్టుకుంది. మామ తెచ్చిన బండ పెద్దోళ్లకు చెందుతుందనీ, కావాలంటే పెద్దమనుషుల్ని పిలుస్తాననీ, ఇంకా చాలా. ఒక్కటీ వాడే పని పడలేదు.

"నువ్వు తీస్కపో అక్కా," అంది స్వర్ణలత చేతులు తుడుచుకుంటూ. "నీ చేతిలో ఉంటేనే దానికి అందం. నాకు గూడా రోజూ తప్పు చెప్పి నవ్వించుకునే పని తప్పుతాది."

పోట్లాడి గెలుచుకోవాలనుకున్నది ఊరికే చేతిలో పెడితే ఎంత మంటగా ఉంటుందో రామలక్ష్మమ్మకు ఆ రోజు తెలిసింది. రాత్రి మొగుడితో అంది, "చూసినావా దాని పొగరు. ఎట్ల ఇచ్చిందో."

"ఇచ్చిందే గదా కావల్సింది?" అన్నాడు వెంకటేశ్వర్లు అటు తిరిగి పడుకుంటూ.

బండను పరచడానికి బొజ్జన్న వచ్చాడు. ఆ ఊళ్లో ఎవరింట్లో బండ పరచాలన్నా ఆయనే. గడ్డపారలతో పైకిలేపి, నలుగురు పట్టుకొని గోడ చుట్టూ తిప్పి తెచ్చారు. అప్పుడు రామలక్ష్మమ్మ బండను ఆరేళ్ల తర్వాత పగటి వెలుగులో దగ్గరగా చూసింది. వీధివైపు మూల ఒకటి విరిగి ఉంది.

"ఈ మూల వీధి పక్కకు కనబడకూడదు. ఇంటి పక్కకు తిప్పు," అంది.

"ఉన్నదున్నట్టు పరిస్తే మేలు కదమ్మా. ఇన్నేండ్లు అట్లనే ఉండె."

"ఇన్నేండ్లు వాళ్లింట్లో ఉండె. ఇప్పుడు మాయింట్లో ఉంటాది. విరిగిపోయిన మూల వీధికి పెట్టుకుంటే, తీసేసింది తెచ్చుకుందని అనుకోరా? తిప్పు."

బొజ్జన్న తిప్పాడు. ఇంటివైపు అంచు వీధివైపుకు వచ్చింది, వీధివైపు అంచు ఇంటివైపుకు పోయింది. సిమెంటు పూసి పోయాడు. మరుసటి రోజు పొద్దున్నే నాగరత్నమ్మ తన రేకుపెట్టె, చిన్న రోలుతో, చేతికర్ర టక్కుటక్కుమంటూ ఇటు నడిచి వచ్చేసింది. గోడ అవతల స్వర్ణలత గిన్నెలు తోముతూ ముక్కు చీదడం వినిపించింది. ఆ చప్పుడు రామలక్ష్మమ్మకు మేళం మోగినట్టుంది.

ఆ సాయంత్రం జనమంతా తూర్పు వసారాలో చేరారు. రామలక్ష్మమ్మ పట్టుచీర కట్టలేదు గానీ, కట్టినంత పని చేసింది. ప్రతివాళ్లకూ కాఫీ, గ్లాసు కింద సాసరు. పొద్దు వాలింది. బండ చెమర్చింది. అడుగులు తేలాయి.

వేళ్లు వీధివైపున్నాయి. మడమలు ఇంటివైపు.

సన్నటి పాదం, వేళ్లకు మొన్న పెట్టుకున్న గోరింటాకు ఆనవాలు కూడా ఉన్నట్టే ఉంది. చూపు తప్పని రామలక్ష్మమ్మకు అది ఎవరిదో కనిపెట్టడానికి క్షణం పట్టలేదు. పుట్టింటికి వచ్చిన తన కూతురు శివానిది. రేపు రాజంపేటకు అత్తగారింటికి తిరిగి పోతోంది.

పెద్దసుబ్బయ్య సారు గొంతు సవరించుకున్నాడు. "తిప్పి పరిచినారు గదా. వచ్చేటోళ్లను చెప్పేది, ఇప్పుడు పొయ్యేటోళ్లను చెప్తాంది. అంతే."

అంతే అయింది. చేనికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు కనబడలేదు. ఇల్లు విడిచి పోయేవాళ్లే కనబడ్డారు. కొన్నాళ్లకు జీతగాడు గోపన్న అడుగులు కనబడ్డాయి. తెల్లారి వాడు తల గోక్కుంటూ వచ్చి, బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీలో పని దొరికిందని చెప్పి పోయాడు. తర్వాత పిల్లి పోయింది. జనం పల్చబడ్డారు. పొయ్యేవాళ్లను చెప్పే బండ ముందు కూర్చొని కాఫీ తాగడం ఎవరికి బాగుంటుంది? వాళ్లంతా మళ్లీ పడమటి వసారాకు చేరారు. కొత్త టైల్సు మీద ఇద్దరు జారిపడ్డారు, అయినా పోతున్నారు. నవ్వులు మళ్లీ గోడ అవతలే.

"బొజ్జన్నను పిలిచి తిప్పించరాదా?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"తిప్పిస్తే, నేను తప్పు చేసినానని దానికి చెప్పినట్టే గదా?" అంది రామలక్ష్మమ్మ. అత్త తన దగ్గరే ఉంది. అది చాలు. ఆ బోసినవ్వు ఇప్పుడు తన వసారాలో ఉంది. నిజానికి ఇటు వచ్చినకాడి నుంచి నాగరత్నమ్మ పెద్దగా నవ్వింది లేదు. ఆ సంగతి రామలక్ష్మమ్మ గమనించింది, గమనించనట్టు ఉండిపోయింది.

ఒక సాయంత్రం ఆమె ఒక్కతే దీపం పట్టుకొని వసారాలోకి వచ్చింది. బండ అప్పుడే చెమరుస్తోంది. ఒక అడుగు తేలింది. ముసలి పాదం, పగుళ్ల మడమ. కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. ఆ ఊళ్లో అట్లాంటి వేలు ఒక్కరికే ఉంది.

రామలక్ష్మమ్మ దీపం దగ్గరికి దించింది. అత్త పోతుంది. రేపే. మనిషి పెద్దది, పండిపోయింది. ఇంకెక్కడికి పోతుంది?

అప్పుడు ఆమె ఇంకొకటి చూసింది. కుడి అడుగు పక్కన, రూపాయి బిళ్లంత గుండ్రటి తడి మచ్చ. చేతికర్ర మోపిన గుర్తు.

చూపు తప్పని మనిషి కదా, ఆ మచ్చ ఏం చెబుతోందో వెంటనే తెలిసిపోయింది. చచ్చినవాళ్లు కర్ర మోపుకొని పోరు. అత్త చావదు. నడిచి పోతుంది. పెట్టె, రోలు చంకన పెట్టుకొని, వచ్చినట్టే గోడ అవతలికి పోతుంది.

కడుపులోని కుంపటి భగ్గుమంది. దేవుడి దగ్గరికి పోతే పోనీ, ఎవరన్నా పోవాల్సిందే. దాని దగ్గరికి మాత్రం... ఆ ఆలోచన పూర్తి కాకముందే ఆమె చెయ్యి పని చేసేసింది. వసారా అంచున కాళ్లు కడుక్కోవడానికి పెట్టిన ఇత్తడి చెంబు ఉంది, నిండా నీళ్లతో. దాన్ని తెచ్చి ఆ మచ్చ మీద పెట్టింది.

వెనక కర్ర చప్పుడైంది. నాగరత్నమ్మ వచ్చి బండ మీదికి వంగింది. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూసింది.

"ఈ వేలు నాదే గదా?"

రామలక్ష్మమ్మ దీపం వత్తి ఎగదోసింది.

"చెప్పు రామలక్ష్మీ. నాకు సరిగా అగుపడదు. నాదేనా?"

"నీదే అత్తా."

"రేపా?"

"రేపే."

ముసలామె లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి సంగటి వద్దంది. పాలు వద్దంది. "పొయ్యేదానికి కడుపులో బరువెందుకు?" అంది.

తెల్లారేసరికి ఊరంతా తెలిసింది. నంద్యాల నుంచి, డోన్ నుంచి చుట్టాలు దిగారు. రాజంపేట నుంచి శివాని పొద్దున్నే బస్సెక్కానని ఫోన్ చేసింది. రామలక్ష్మమ్మ వసారాలో ఆరేళ్లుగా లేనంత జనం. ప్రతివాళ్లూ ఆమె చెయ్యి పట్టుకొని మాట్లాడుతున్నారు. "నీ అదృష్టం వదినా, ఆఖరికి పెద్దకోడలి చేతుల్లో పోతాంది," అంటున్నారు. స్వర్ణలత వచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ వంకర వేలును రెండు చేతుల్లో పట్టుకొని కూర్చుంది. రామలక్ష్మమ్మ అది చూసి, పోయి తలవైపు కూర్చుంది.

డోన్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన కాళ్లు కడుక్కోవడానికి చెంబు మీద చెయ్యి వేశాడు.

"అది వద్దన్నా!" రామలక్ష్మమ్మ లోపలినుంచి అరిచిన అరుపుకు అందరూ తలలు తిప్పారు. "తొట్టి కాడ కడుక్కో. ఆ నీళ్లు... ఆ నీళ్లు పాతవి."

ఆయన చెంబును వదిలేసి తొట్టి దగ్గరికి పోయాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది, దాటింది. నాగరత్నమ్మ గొంతు తడుపుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చెయ్యి పట్టి చూశాడు. "జబ్బేమీ ల్యా. కానీ నాడి దిగిపోతాండాది. మనిషే వదిలేసుకుంటాంది. నీళ్లన్నా తాగితే నిలబడతాది," అన్నాడు.

"బండ చెప్పినాక తాగి ఏం లాభం?" అన్నారెవరో బయట.

"ఒక్కటి నాకు అర్థం కావడంల్యా," అన్నాడు ఇంకొకాయన. "పోయినోళ్లను మోసుకొని పోతారు గదా. అడుగులెట్ల పడతాయి?"

"ప్రాణం నడిచి పోదా ఏంది?"

పెద్దసుబ్బయ్య సారు స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. ఈసారి ఎవరి మాటా సరిచేయలేదు. తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు, "బండ జోస్యమే చెప్పింటాది. దాంట్లో ఆశ ల్యా, భయం ల్యా. కానీ బండకు నోరు ల్యా గదా. చదివి చెప్పేది మనమే. మన నోట్లోకి వచ్చేసరికి అది ఏమయ్యిందో ఎవరికి తెలుసు?"

లోపల రామలక్ష్మమ్మ తడిగుడ్డ పిండుతోంది. చేతులు ఆగిపోయాయి.

నాగరత్నమ్మ కళ్లు తెరిచింది. పెదాలు ఎండి అట్టగట్టాయి. "రామలక్ష్మీ," అని పిలిచింది. రామలక్ష్మమ్మ వంగింది.

"నువ్వు సరిగ్గా చూసినావు గదా?"

రామలక్ష్మమ్మ తడిగుడ్డను మడతపెట్టింది.

"లత చెప్పింటే నమ్మేదాన్ని గాదు. అదెప్పుడూ తప్పే చెప్తాది పిచ్చిది. నువ్వు చెప్పినావని నమ్మినా. నీ చూపు తప్పదు గదా."

ఆరేళ్లుగా గోడ పక్కన కూర్చొని, రాళ్లులేని పప్పు ఏరుతూ రామలక్ష్మమ్మ ఎదురుచూసింది ఈ మాట కోసమే. లతకంటే నువ్వే అనే మాట. అత్త నోటినుంచి, లత వినేటట్టు. ఇప్పుడు వచ్చింది. కాళ్ల దగ్గర స్వర్ణలత తల ఎత్తకుండా, అవునన్నట్టు తల ఊపింది కూడా. ఆ మాటే ముసలామె గొంతులోకి ఒక చుక్క నీళ్లు దిగనీయకుండా అడ్డం పడి ఉందని రామలక్ష్మమ్మకు అప్పుడు కనబడింది.

కిటికీలోంచి చూసింది. ఎండ గోడ మీదికి ఎక్కింది. దీపాలు పెట్టే వేళకు ఇంక ఎంతో లేదు.

లేచి వసారాలోకి వచ్చింది. జనం దారిచ్చారు. వంగి, రెండు చేతులతో చెంబు ఎత్తింది. రాత్రే ఆరిపోయిన బండ మీద, చెంబు కింద గాలి తగలక, ఆ గుండ్రటి తడి మచ్చ నిన్న తేలినట్టే ఉంది.

"సారూ, ఇదేంది చెప్పు," అంది.

సారు వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్లీ చూశాడు. ఆయన నోరు తెరిచేలోపే రామలక్ష్మమ్మ లోపలికి వినబడేటట్టు గట్టిగా చెప్పింది.

"కర్ర గుర్తు. అత్తా, నీ చేతికర్ర గుర్తు! చచ్చిపొయ్యేటోళ్లకు కర్రెందుకు? నువ్వు చావవు. నడిచి పోతావు."

లోపల మంచం కిర్రుమంది. కాసేపటికి స్వర్ణలత భుజం పట్టుకొని నాగరత్నమ్మ గడపలోకి వచ్చింది. మచ్చను చూసింది, చెంబును చూసింది, పెద్దకోడలిని చూసింది.

"దాని మింద చెంబు ఎవరు పెట్టినారు?"

జనమంతా ఆమె వైపు తిరిగారు. నంద్యాల చుట్టాలు, డోన్ చుట్టాలు, ఆరేళ్ల తర్వాత వసారా నిండా చేరిన జనమంతా.

"నేనే," అంది రామలక్ష్మమ్మ.

"ఎందుకు?"

"నువ్వు యాడికి నడిచి పోతావో నాకు తెలుసు గాబట్టి."

స్వర్ణలత ముందుకొచ్చి, రామలక్ష్మమ్మ చేతుల్లోంచి చెంబు తీసుకుంది. తొట్టి దగ్గరికి పోయి ఒలకబోసి, కడిగి, కడవలోంచి మంచినీళ్లు ముంచి తెచ్చి అత్త నోటికి పెట్టింది. ముసలామె గటగటా తాగింది. సగం రవికె మీద పడ్డాయి. చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకొని అంది:

"ఆకలైతాంది. నిన్న రాత్రి సంగటి ఎవరు తిన్నారు?"

రామలక్ష్మమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "పొద్దు వాలకముందే పో అత్తా. బండ ఎప్పుడూ తప్పు చెప్పల్యా. నువ్వు పోకుండా ఉంటే అది ఇంకెట్ల నిజమైతాదో నాకు భయంగా ఉండాది. పోయి ఆడ తిను. లత చేతి ముద్ద నీకు ఇష్టం గదా. నాకు తెలుసు."

ఆ చివరి రెండు మాటలూ అనడానికి ఆమెకు పట్టిన బలం బండను నలుగురు మోసినదానికంటే ఎక్కువ.

నాగరత్నమ్మ కర్ర అందుకుంది. బండ మీద అడుగు పెట్టింది. మచ్చ ఉన్న చోటే కర్ర మోపింది. కుడికాలు, ఎడమకాలు. వీధిలోకి దిగింది. వెనక రేకుపెట్టె ఒకరు, రోలు ఒకరు పట్టుకున్నారు. జనం కూడా వెనకాలే పోయారు. రామలక్ష్మమ్మ వసారా ఖాళీ అయ్యేసరికి కాఫీ గ్లాసులు, ఎవరో మరిచిపోయిన తువ్వాలు మిగిలాయి. సాయంత్రం రాజంపేట బస్సు దిగి ఏడుస్తూ వచ్చిన శివానికి, అవ్వ గోడ అవతల ముద్ద తింటూ కనబడింది.

రామలక్ష్మమ్మ మరుసటి రోజే బొజ్జన్నకు కబురు పెట్టింది. ఆయన సిమెంటు పగలగొడుతూ, "ఆ రోజే చెప్తిని గదమ్మా," అన్నాడు.

"చెప్తివిలే. ఈసారి ఉన్నదున్నట్టు పెట్టు."

"విరిగిన మూల వీధికి వస్తాది మరి."

"రానీ."

ఆ సాయంత్రం జనం లేరు. రామలక్ష్మమ్మ ఒక్కతే మెట్టు మీద కూర్చుంది. చాట తెచ్చుకోలేదు. గోడ అవతల స్వర్ణలత ఏదో అంది. అత్త నవ్వింది, ఆ బోసినవ్వు. రామలక్ష్మమ్మ కడుపులో నిప్పు చురుక్కుమంది. అది ఆరుతుందని ఆమె అనుకోలేదు, ఆరలేదు కూడా. అంతలో బండ చెమర్చింది.

ముందు గుండ్రటి మచ్చ ఒకటి తేలింది. తర్వాత పగుళ్ల మడమ, బొటనవేలి మీదికి ఎక్కిన వేలు. వేళ్లు ఇంటివైపు. దాని పక్కనే, ముసలామెను పట్టుకొని నడిచినట్టు ఒక వైపుకు ఒరిగిన ఇంకో జత పాదాలు. రెండో వేలికి మెట్టె ఒత్తిన గీత. ఆరేళ్లలో ఆ పాదాలు ఒక్క నిన్న తప్ప ఈ గడప తొక్కలేదు.

"అక్కా," గోడ అవతలనుంచి స్వర్ణలత అడిగింది. "రేపు ఎవరంట?"

రామలక్ష్మమ్మ కొంచెంసేపు ఆ రెండు జతల అడుగులనూ చూస్తూ ఉంది. అడుగుకూ అడుగుకూ మధ్య ఎడం బాగానే ఉంది. అడిగేదానికి వచ్చేవాళ్లు కాదు.

"చుట్టాలు," అంది. "ఇద్దరు. పొద్దున్నే వస్తాండారు. ఒకామెకు పండ్లు ల్యావు. ఉగ్గాని మెత్తగా చెయ్యల్ల. బొరుగులు ఉండాయో ల్యావో చూసుకోవల్ల."

చీర కుచ్చిళ్లు దులుపుకొని లేచి, లోపలికి పోబోయింది. గోడ అవతలనుంచి ముసలి గొంతు ఆపింది.

"నీ చూపు తప్పదు గానీ రామలక్ష్మీ, మిరపకాయలు తక్కువెయ్యి."